వార్తాశాస్త్రమును మన యాడుపిల్లలును

గత సంవత్సరము మా యింట జరిగిన యొక చిన్న సంగతిని మీకు విన్నవించి, దానివలన నాకు పరిచయమైన యొక శాస్త్రమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. నేను కళాశాల మెట్టెక్కినదానను గాను. మా తాతగారి దయవలన భారతమును, వసుచరిత్రమును, అప్పకవీయమును ఇంటిలోనే చదువుకొంటిని. నా భర్తగారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇట్టి నేను ఇంజనీరింగు చదువును గూర్చి వ్రాయుటకు సాహసించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కడవఱకు చదివి, పిమ్మట తీర్పు చెప్పుడని నా ప్రార్థన.

మా చిన్న ఆడుపడుచు పట్టణమున వసతిగృహములో నుండి బి.టెక్. మూడవ సంవత్సరము ఎలక్ట్రానిక్సు శాఖలో చదువుచున్నది. ప్రతిదినము రాత్రి ఎనిమిది గంటలకు మా అత్తగారు ఫోను చేసి, "ఎట్లున్నావమ్మా?" యని అడుగుటయు, ఆ పిల్ల "క్షేమమేనమ్మా" యని బదులు చెప్పుటయు మా యింటి నియమము. ఆఱు నెలలలో ఒక్కనాడైనను ఆ మాట మాఱలేదు. మేమును సంతోషించుచుంటిమి. సెలవులకు ఇంటికి వచ్చినపుడు మార్కుల పట్టిక బయటపడెను. "ఇన్ఫర్మేషన్ థియరీ", అనగా సమాచార సిద్ధాంతము, అను పాఠ్యవిషయమున ఆమె తప్పినది.

ఇంటిలో పెద్ద గాలివాన లేచినది. "ఆడపిల్లకు ఈ లెక్కలెందుకని నేను మొదటనే మొత్తుకొంటిని. చదివినంత చాలును, ఇక సంబంధములు చూడుడు" అని అత్తగారు పట్టుపట్టిరి. మామగారు మాటాడలేదు. నా భర్తగారు "ఒక్క పరీక్ష పోయినంతమాత్రమున చదువు పోవునా? మరల వ్రాయవచ్చును" అని నచ్చజెప్పబోయిరి. కాని నన్ను కలచివేసినది పెద్దల కోపము కాదు. ఆ రాత్రి పిల్ల నా ప్రక్కను కూర్చుండి, "వదినా, అమ్మ యన్నది నిజమే. ఇది నా తలకెక్కు చదువు కాదు" అని కన్నీరు పెట్టుకొనినది. ఒక పరీక్ష తప్పుట కంటె, తన్ను గూర్చి తానట్లు నమ్ముట గొప్ప నష్టమని నాకు తోచినది.

మఱునాడు ఉదయము పనులు ముగిసిన పిమ్మట, "నీ పుస్తకము తెచ్చి నాకు చదివి చెప్పుము. నాకర్థమగునట్లు చెప్పగలిగితివేని నీకును అర్థమగును" అని కూర్చుండబెట్టితిని. ఆమె పుస్తకము తెఱచి మొదటి సూత్రమును తెలుగుచేసి చెప్పినది: "తప్పక జరుగునని ముందే తెలిసిన దానిని చెప్పినచో, ఆ మాటలో సమాచారము సున్న." నేను వెంటనే, "అట్లయిన నీవు ఆఱు నెలలు చెప్పిన క్షేమమే యను మాటలో సమాచారమెంత?" అని యడిగితిని. ఆమె నివ్వెఱపోయి, తరువాత నవ్వినది. ఇంటికి వచ్చిన నాటినుండి ఆమె నవ్వుట అదే మొదటిసారి. అంతటితో మా పాఠము మొదలయినది.

వార్తకు కొలత

ఈ శాస్త్రమునకు మూలపురుషుడు క్లాడ్ షానన్ అను అమెరికా దేశీయుడు. ఆయన 1916లో మిషిగన్ రాష్ట్రమున జన్మించి 2001లో కాలధర్మము నొందెను. బెల్ టెలిఫోను పరిశోధనాలయమున పనిచేయుచు, 1948వ సంవత్సరము జులై, అక్టోబరు మాసములలో ఆ సంస్థవారి పత్రికయందు రెండు భాగములుగా ఒక వ్యాసమును ప్రకటించెను. అంతకుముందు తంతివార్త వేఱు, టెలిఫోను మాట వేఱు, చిత్రము వేఱు అని ఇంజనీర్లు తలచుచుండిరి. ఇవి యన్నియు ఒక్క వస్తువే యనియు, బియ్యమును సేరుతో కొలిచినట్లు వీని నన్నిటిని ఒక్క మానముతో కొలువవచ్చు ననియు ఆయన నిరూపించెను. ఆ మానము పేరు బిట్టు. ఆ పేరు పెట్టినవాడు జాన్ టూకీ యను గణితవేత్త యని షానన్ స్వయముగా చెప్పెను.

బిట్టన నేమి? అవును, కాదు అను రెండింటిలో ఒక్కదానిని తేల్చు జవాబు ఒక బిట్టు. నేను ఎనిమిదిమందిలో ఒకరిని మనసులో తలచుకొంటిననుకొనుడు. "మొదటి నలుగురిలోని వారా?" అని యడిగినచో సగము తేలిపోవును. మిగిలిన నలుగురిలో మఱల సగము, తరువాత మఱల సగము. మూడు ప్రశ్నలతో మనిషి దొరకును. కావున ఎనిమిదింటిలో ఒక్కటి యనగా మూడు బిట్లు. పదునాఱింటిలో ఒక్కటి యనగా నాలుగు. రాశి రెట్టింపయిన కొలది కొలత ఒక్కటి మాత్రమే పెరుగును. ఆంగ్లములో లాగరితమని పిలుచు లెక్క ఇదియే.

ఎనిమిది, మూడు అను మాటలు వినగానే నాకు మా తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. గురువు లఘువు అను రెండు గుర్తులతో మూడక్షరముల గణములు ఎన్ని? ఎనిమిది. మ, య, ర, స, త, జ, భ, న. "యమాతారాజభానసలగం" అను పది యక్షరములలో, ఏ యక్షరమునుండి మొదలిడి మూడు తీసికొన్నను ఒక్కొక్క గణము వచ్చును. ఎనిమిది గణములును వచ్చును. ఏదియు రెండుసారులు రాదు. ఆడుపడుచు వ్రేళ్లపై లెక్కించి చూచుకొని, "వదినా, ఇట్టి వరుసలు మా పాఠములలో నున్నవి. డి బ్రౌయ్న్ వరుసలని వానికి పేరు" అనినది. మా ఇరువురి పుస్తకములును ఒక్కచోట కలిసినవి.

పింగళుడు క్రీస్తు పుట్టుకకు పూర్వపువాడని పండితులు చెప్పుదురు. ఆయన ఛందశ్శాస్త్రమున గురులఘువుల ప్రస్తారమున్నది. ఇరువది యక్షరముల పాదము గలది కృతి ఛందము. అందు పుట్టగల వృత్తములు 10,48,576. ఒకటినుండి ఇరువదియాఱు అక్షరముల వఱకు గల సమవృత్తములన్నియు కలిపి 13,42,17,726. ఇన్నింటిలో మన ఉత్పలమాల ఎన్నవది? లెక్క యిట్లు చేయవలెను. పాదములోని అక్షరములపై వరుసగా 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేయుచు అంకెలు వ్రాసి, లఘువులపై నున్న వానిని మాత్రమే కూడి, ఒకటి చేర్చవలెను. దీనికి ఉద్దిష్టమని పేరు. భ, ర, న, భ, భ, ర గణములకును, లగములకును కూడగా 3,55,799 వచ్చినది. ఉత్పలమాల కృతి ఛందమున 3,55,799వ వృత్తము. లఘువు ఒకటిగా, గురువు సున్నగా వ్రాసినచో, నేటి కంప్యూటరు సంఖ్యలు వ్రాయు విధానమునకును దీనికిని పోలిక సుస్పష్టము. షానన్ మన పింగళునినుండి నేర్చెనని నేను చెప్పబోను. అట్టి గొప్పలు మనకు శోభింపవు. మన యమ్మమ్మలు పద్యముతోపాటు నేర్చిన లెక్క, మన పిల్లలకు పరాయి లెక్క కాదని మాత్రమే నా తాత్పర్యము.

క్లుప్తముగా పంపు నేర్పు

కొలత తెలిసినపిమ్మట రెండు పనులున్నవి. మొదటిది, వార్తను వీలయినంత చిన్నదిగా చేయుట. మన దేశమున తంతి సేవ 2013 జులైలో నిలిచిపోయినది గాని, మాటకింత యని సొమ్ము చెల్లించి తంతి పంపిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. "వెంటనే బయలుదేరుము" అని రెండు మాటలే! మోర్సు తంతి లిపిలో ఆంగ్లమున తఱచుగా వచ్చు 'ఇ' యను అక్షరమునకు ఒక్క చుక్క మాత్రమే పెట్టిరి. అరుదైన వానికి పొడుగు గుర్తులు పెట్టిరి. తఱచు వచ్చుదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చుదానికి పొడుగు గుర్తు: ఇదియే రహస్యము.

మేమొక ఉదాహరణ కల్పించుకొంటిమి. వసతిగృహమునుండి వచ్చు కబురులు నాలుగే యనుకొనుడు. క్షేమమని రెండింట ఒకసారి, సొమ్ము కావలెనని నాలుగింట ఒకసారి, ఇంటికి వచ్చుచున్నానని ఎనిమిదింట ఒకసారి, జ్వరమని ఎనిమిదింట ఒకసారి. నాలుగింటికిని సమానముగా గుర్తులు పెట్టినచో ఒక్కొక్కదానికి రెండు బిట్లు కావలెను. అట్లుగాక క్షేమమునకు 0, సొమ్మునకు 10, రాకకు 110, జ్వరమునకు 111 అని పెట్టినచో సగటున 1.75 బిట్లు చాలును. గుర్తులను ఎడము లేక వరుసగా వ్రాసినను ఒకదానితో ఒకటి కలిసిపోవు. ఈ 1.75 కంటె తక్కువతో ఎవరును ఈ కబురులను పొల్లుపోకుండ పంపజాలరు. ఈ హద్దునకు ఎంట్రోపీ యని పేరు.

ఇట్టి గుర్తులను అన్నిటికంటె పొదుపుగా పెట్టు మార్గమును కనుగొన్నవాడు ఒక విద్యార్థి యనిన మీరు ఆశ్చర్యపడుదురు. 1951లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున రాబర్ట్ ఫానో యను ఆచార్యుడు, తుది పరీక్ష వ్రాయుటయో, ఒక సమస్యపై వ్యాసము వ్రాయుటయో ఎంచుకొనుడని శిష్యులకు చెప్పెను. డేవిడ్ హఫ్‌మన్ అను శిష్యుడు సమస్యనే కోరుకొనెను. ఆ సమస్యను అప్పటికి ఆచార్యుడే సాధింపలేదని అతనికి తెలియదు. కొన్ని నెలలు ప్రయత్నించి, విసిగి, ఇక పరీక్షకే చదువుకొందునని కాగితములు పారవైచు వేళ అతనికి దారి తోచెను. పై లెక్కలోవలె, మిక్కిలి అరుదైన రెండింటిని జతచేయుచు క్రిందినుండి పైకి రావలెను; అంతే. 1952లో అది ప్రకటితమయ్యెను. "గురువు సాధింపలేనిది శిష్యుడు సాధించెను గదా, నీవు తప్పినది ఒక్క పరీక్షయే" అని నేను మా పిల్లతో అంటిని.

పునరుక్తి యను గుణము

రెండవ పని మొదటిదానికి విరుద్ధమువలె కనబడును. దారిలో రొద వలన వార్త చెడిపోకుండుటకు కొంత అదనముగా చేర్చవలెను. అలంకారశాస్త్రమున పునరుక్తి దోషము. ఈ శాస్త్రమున అది రక్షణ. "వంటింటిలో పా— పొంగినవి" అని చదివినచో, చెఱిగిన యక్షరము లు యని ఏ గృహిణికైనను తెలియును. భాషలోనే కొంత పునరుక్తి యున్నది గనుక ఇట్లు పూరింపగలుగుచున్నాము. పుస్తకములోని వాక్యములను ఒక్కొక్క యక్షరముగా చదువరులచేత ఊహింపజేసి, దీర్ఘమైన ఆంగ్లరచనలో సుమారు ముప్పాతికవంతు ఇట్టి పునరుక్తియే యని 1951లో షానన్ అంచనా కట్టెను.

మన పెద్దలు వేదమును వ్రాతలేకుండ కాపాడిన తీరును తలచుకొనుడు. క్రమపాఠమున ఒకటి రెండు, రెండు మూడు అని పదములను జతలుగా పలుకుదురు. జటయందు ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని త్రిప్పుదురు. ఘనమున ఇంకను చిక్కుగా అల్లుదురు. ఒకచోట స్మృతి తప్పినను మఱియొక చోట ఆ తప్పు బయటపడును. మన పద్యమునందును అంతే. ఉత్పలమాలలో పదియవ యక్షరము యతిస్థానము. నాలుగు పాదములలోను రెండవ యక్షరము ప్రాస. తాళపత్రమున లేఖకుడు అక్షరము తప్పినచో, గణమో యతియో ప్రాసయో భంగమై, ఇచ్చట తప్పున్నదని పరిష్కర్తకు చెప్పును. అక్కడక్కడ సరియైన అక్షరమేదో కూడ సూచించును.

తప్పును పట్టుటయేకాక తానే దిద్దుకొను లెక్కను రిచర్డ్ హామింగ్ అను గణితవేత్త 1950లో ప్రకటించెను. ఆయనయు షానన్ పనిచేసిన పరిశోధనాలయమువాడే. సెలవు దినములలో ఎవరును లేనివేళ యంత్రమునకు లెక్కలప్పగించి పోవుచుండెను. మఱల వచ్చి చూచునప్పటికి, ఎక్కడనో ఒక తప్పు దొరలెనని కనుగొని యంత్రము ఆ లెక్కను వదలివేసి యుండెడిది. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము అది ఎచ్చటనో ఎందుకు తెలిసికొనలేదని ఆయన విసుగుతో ఆలోచించెను. దానినుండి ఒక శాస్త్రశాఖ పుట్టినది.

ఈ లెక్క మా పిల్లకు కొఱుకుడు పడలేదు. పుస్తకములో మాత్రికలని, సమీకరణములని పెద్ద పెద్ద పట్టికలున్నవి. నేను నేలపై సుద్దతో ఒకదానిపై నొకటి పడునట్లు మూడు వలయములు గీయుమంటిని. వానివలన ఏడు గళ్లు ఏర్పడును: నడిమి గడి ఒకటి, ఇద్దరిద్దరు కలియు గళ్లు మూడు, వెలుపలి గళ్లు మూడు. లోపలి నాలుగు గళ్లు వార్త. వానిలో ఇష్టము వచ్చినచోట ఒక చింతగింజ పెట్టవచ్చును, లేదా ఖాళీగా విడువవచ్చును. పిమ్మట ఒక్కొక్క వలయములోని గింజలు సరిసంఖ్య యగునట్లు వెలుపలి గళ్లను నింపవలెను. అవి కాపలా గింజలు.

మా అత్తగారు కాఫీ త్రాగుచు దూరమునుండి చూచుచుండిరి. "అత్తయ్యా, మేము వెనుకకు తిరిగెదము. మీరు ఏదో ఒక్క గడిలో గింజ యున్నచో తీయుడు, లేనిచో పెట్టుడు" అని వేడుకొంటిని. ఆమె "ఇవి చిన్నపిల్లల ఆటలు" అనుచునే వచ్చి, ఏమో చేసిరి. ఆడుపడుచు తిరిగి చూచి, మూడు వలయములను లెక్కించినది. రెండు వలయములు బేసిగా నున్నవి, ఒకటి సరిగా నున్నది. "ఈ రెండును కలిసిన గడిలోని గింజను నీవు తీసితివమ్మా" అనినది. అత్తగారు కొంగున దాచిన గింజను బయటపెట్టిరి. మఱల చేసిరి, ఈసారి మూడు వలయములును బేసి. "నడిమి గడి" అనినది పిల్ల. మఱల చేసిరి, ఒక్క వలయమే బేసి. "వెలుపలి గడి." ఇట్లు అయిదాఱు పర్యాయములు జరిగినపిమ్మట అత్తగారు రెండు గళ్లను మార్చి ఊరకుండిరి. పిల్ల తప్పు గడిని చూపినది. "దొరికితివి!" అని అత్తగారు నవ్విరి. "అమ్మా, ఈ కట్టడి ఒక్క తప్పునకే. రెండు తప్పులు దిద్దవలెనన్న కాపలా గింజలు మఱికొన్ని కావలెను" అని పిల్ల తడుముకొనకుండ బదులు చెప్పినది. తన మాటకు తానే విస్మయపడినట్లు నావైపు చూచినది. అత్తగారు ఆ దినము సంబంధముల మాట యెత్తలేదు.

ఇది ఆటయే యని తలపవలదు. కూరగాయల బండిపై అతికించిన క్యూఆర్ గుర్తు కొంత చినిగినను, మురికి పడినను మన సొమ్ము సరిగా చేరుటకు కారణము, 1960లో రీడ్, సాలమన్ అను ఇరువురు కనుగొన్న దిద్దుబాటు లెక్క. మిక్కిలి జాగ్రత్తతో ముద్రించిన గుర్తులో సుమారు నూటికి 30 వంతులు పాడయినను చదువవచ్చును. మన ఆధార్ సంఖ్యలో కడపటి యంకె కూడ కాపలాదారే. డచ్చి గణితవేత్త వెర్‌హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి ననుసరించి, ఒక్క యంకె తప్పినను, ప్రక్క ప్రక్క యంకెలు తారుమారయినను అది పట్టుకొనును. 1977లో బయలుదేరిన వాయేజరు నౌకలలో రెండవది, 1986లో యురేనసునుండియు 1989లో నెప్ట్యూనునుండియు చిత్రములను పంపుటకు రీడ్, సాలమనుల లెక్కయే తోడయ్యెను.

చుక్కల ముగ్గు

దీనికి జంటగా చదువు విషయము డిజిటల్ కమ్యూనికేషన్స్. మాటను అంకెలుగా మార్చి, తరంగములపై నెక్కించి, అవతల మఱల మాటగా దింపుట అందలి పని. మన కంఠధ్వని తెగకుండ సాగు గీతవంటిది. దానిని అంకెలుగా మార్చుట యెట్లు? ముగ్గు నెఱిగిన మనకు ఇది సులభము. చుక్కలు తగినంత దగ్గఱగా పెట్టినచో, వానిని కలుపు గీత ఒక్క విధముగానే వచ్చును. చుక్కలు దూరమయినచో అదే చుక్కలపై వేఱు ముగ్గులు పడును. ధ్వనిలోని మిక్కిలి హెచ్చు కంపనసంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువగా చుక్కలు తీసికొనవలెనని నియమము. టెలిఫోను మాటలో సుమారు 3,400 కంపనముల వఱకు గ్రహింతురు గనుక, క్షణమునకు, అనగా సెకనునకు, 8,000 చుక్కలు తీసికొందురు. ఒక్కొక్క చుక్కకు ఎనిమిది బిట్లు. సెకనునకు 64,000 బిట్లు.

ఇక షానన్ చెప్పిన మాటలలో మిక్కిలి గొప్పది యిది. రొద యున్న దారిలో తప్పులు తగ్గవలెనన్నచో అంతకంతకు నెమ్మదిగా పంపవలెననియే అందఱును నమ్మిరి. అట్లు కాదనియు, ప్రతి మార్గమునకును ఒక పరిమితి యున్నదనియు, ఆ పరిమితికి లోబడి పంపినంతకాలము వేగమును చంపుకొనకుండనే తప్పులను కావలసినంత స్వల్పము చేయవచ్చు ననియు ఆయన నిరూపించెను. పరిమితి రెండింటిపై ఆధారపడును: దారి వెడల్పు, రొదకంటె మాట ఎన్ని రెట్లు బలమైనది అనునది. వెడల్పు 3,000, బలము 1,000 రెట్లు ఉన్నచో సెకనునకు సుమారు 30,000 బిట్లు. ఆ పరిమితిని చేరు మార్గమును మాత్రము ఆయన చెప్పలేదు. రాబర్ట్ గాలగర్ 1960 ప్రాంతమున తన విద్యార్థిదశలోనే కనుగొన్న ఒక మంచి మార్గమును, లెక్క పెద్దదని లోకము సుమారు మూడు దశాబ్దములు ప్రక్కన పెట్టినది. నేటి అయిదవ తరము ఫోనులలో వాడుచున్నది దానినే.

పిల్లలు తప్పుట ఎందుకు?

మా పిల్లతో కూర్చుండిన కొన్ని వారములలో నేను గమనించినది చెప్పెదను. ఆమెకు తెలివి కొఱవడలేదు. ఈ విషయమునకు పునాది సంభావ్యత, అనగా ఏది యెంత తఱచుగా జరుగునో లెక్కించుట. ఆ పునాదిని ఆమె రెండవ సంవత్సరమున పరీక్షకొఱకు కంఠస్థము చేసి మఱచినది. పునాది లేని గోడపై మాత్రికలు, సూత్రములు మోపగా గోడ కూలినది. మఱియొకటి, సంశయము కలిగినపుడు అడుగుటకు సిగ్గుపడినది.

కావున ఇట్టి చదువు చదువు బాలికలకు నా యల్పబుద్ధికి తోచిన సలహాలివి. సూత్రమును వల్లెవేయుటకు ముందు చిన్న అంకెలతో చేతితో చేసి చూడవలెను. నాలుగు కబురులకు గుర్తులు పెట్టగలిగినచో నలుబదింటికిని పెట్టవచ్చును. సంభావ్యతను మఱల మొదటినుండి చదువవలెను. ఐ.ఐ.టి.ల వారును, బెంగుళూరు విజ్ఞానసంస్థవారును కలిసి నడుపు ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములలో ఈ విషయములు రుసుము లేకుండ వినవచ్చును. ఇంటిలోని ఫోనే చాలును. అన్నిటికంటె ముఖ్యము, చదివినదానిని ఇంటిలో ఎవరికైనను చెప్పవలెను. వినువారికి ఆ శాస్త్రము రానక్కఱలేదు; ఓపిక యున్న చాలును.

ఈ చదువు స్త్రీలకు తగదనువారికి ఒక్క జీవితమును చూపెదను. జెస్సీ మాక్‌విలియమ్స్ అను నామె 1917లో ఇంగ్లండున పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, అమెరికా చేరి, వివాహమాడి, ముగ్గురు బిడ్డలను పెంచినది. 1958లో బెల్ పరిశోధనాలయమున ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగమున చేరి, తప్పులు దిద్దు లెక్కలపై మనసుపడినది. 1962లో, నలుబదియైదేండ్ల వయసున, హార్వర్డులో డాక్టరు పట్టము పొందినది. ఆమె పేరిట నున్న సూత్రములను ఈ శాస్త్రము చదువువారు నేటికిని నేర్చుచున్నారు. 1977లో స్లోన్ అను పండితునితో కలిసి ఆమె వ్రాసిన గ్రంథము ఈ శాఖకు ప్రమాణగ్రంథమయ్యెను.

మన తెలుగువారిలో కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 1945లో ప్రకటించిన ఫలితము క్రామర్-రావు హద్దు అను పేర ప్రపంచమంతట ప్రసిద్ధము. రొదతో కూడిన కొలతలనుండి సత్యమును ఎంత దగ్గఱగా గ్రహింపవచ్చునో అది చెప్పును. ఆయన 2023లో పరమపదించిరి. తాను చిన్నతనమున ఉండగా తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించి పెట్టెడివారని ఆయన తన గ్రంథము నొకదానిని ఆమె కంకితమిచ్చుచు వ్రాసికొనిరి. ఆ తల్లి కుమారునికి వెలిగించిన దీపమును మనము కుమార్తెకును, కోడలికిని, ఆడుపడుచునకును వెలిగింపవలదా?

మా పిల్ల మరల పరీక్ష వ్రాసినది. గొప్ప మార్కులు రాలేదు గాని కృతార్థురాలయినది. పై చదువు మాట వచ్చినపుడు అత్తగారు ఇంకను "చూతము" అనియే యనుచున్నారు. ఆ వాదము మా యింట ముగియలేదు. కాని రాత్రి ఎనిమిది గంటల ఫోను మాఱినది. "అమ్మా, ఈ దినము ఒక లెక్క రాలేదు. రేపు ఉపాధ్యాయుని అడిగెదను" అని పిల్ల చెప్పుచున్నది. అత్తగారు కోపపడకుండ వినుచున్నారు. అప్పుడప్పుడు పాత యలవాటున ఆమె "క్షేమమే" యనినచో, "అది నాకు తెలిసినదేగదా, తెలియనిది చెప్పుము" అని అడుగుచున్నారు.

సోదరీమణులారా! మీ యింటనుండియు ఆడుపిల్లలు దూరమున చదువుచుండవచ్చును. కఠినమైన చదువులో తప్పుట సహజము. తప్పినదను వార్త భయము లేకుండ మన చెవికి చేరునట్లు చేసికొనుట మన చేతిలోని పని. వారి పుస్తకమును ఒక్కసారి చదివించుకొని వినుడు. మీ ఛందస్సో, మీ ముగ్గో, మీ చింతగింజలో వారికి ఎక్కడ అక్కఱకు వచ్చునో ముందుగా ఎవరు చెప్పగలరు?